ఖాకీ నిక్కరు, బొగ్గు మందు

ముప్పై ఏళ్లకు పైగా పత్రికాఫీసులో ఎదుటివాళ్లను ప్రశ్నలు అడగడమే బతుకుదెరువుగా గడిపినదాన్ని. అట్లాంటి నా చేతికి పోయిన నెల చర్మవ్యాధుల డాక్టరమ్మ ఒక కాగితమూ పెన్నూ ఇచ్చి, "బయట కూర్చుని నింపుకు రండి మేడం" అంది. ఆ అమ్మాయికి నా కూతురి వయసు కూడా ఉండదు. కాగితం నిండా ప్రశ్నలే. ఈ వారంలో మచ్చలు ఎంత దురద పెట్టాయి, వాటి వల్ల నలుగురిలో ఎంత ఇబ్బంది పడ్డారు, బజారుకు పోవడం మానుకున్నారా, ఇంట్లోవాళ్ల మీద చికాకు పడ్డారా, మచ్చలను చూసుకుని బట్టలు ఎంచుకున్నారా. ఒక్కోదాని పక్కన నాలుగు గళ్లు, అస్సలు లేదు నుంచి చాలా ఎక్కువ దాకా. నాకు సోరియాసిస్ వచ్చి పదిహేనేళ్లు. ఇన్నేళ్లలో ఏ మందు వాడుతున్నావని అడిగినవాళ్లే కానీ, దానితో ఎట్లా బతుకుతున్నావని అడిగినవాళ్లు లేరు. బట్టల ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. దిగులుతో కాదు. గోదావరిఖనిలో నా పదేళ్లప్పటి ఒక ఖాకీ నిక్కరు కళ్ల ముందుకు వచ్చి నిలబడింది. దాని వెనుక ఆ పన్నెండు రోజులు, ఆ గోల, ఆ నవ్వులు అన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. కుర్చీలో కూర్చోలేకపోయాను. కాగితం సగంలోనే ఇచ్చేసి ఇంటికి వచ్చాను, మరచిపోకముందే రాసిపెట్టుకోవాలని.

మా బాపు పేరు ఓదెలు. మా వైపు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు బొగ్గు గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. పెళ్లికి ముందే ఆయన మోచేతుల మీద, మోకాళ్ల మీద ఎర్రటి పట్టలు లేచాయట. వాటి మీద చేప పొలుసుల్లాంటి తెల్లటి పొట్టు. మేము నిద్ర లేవకముందే అవ్వ బాపు పక్కబట్టలు దులిపి, ఆ పొట్టును ఒక చిన్న చీపురుతో ఊడ్చి ఎత్తేసేది. ఆ చీపురును ఇంకే పనికీ వాడేది కాదు, ఎందుకని మేము అడిగేవాళ్లమూ కాదు. ఇల్లంతా కొబ్బరినూనె వాసన, దాని మీద వేపాకు వాసన, ఆ రెండింటి మీద బొగ్గు పొగ. సాయంత్రమైతే కాలనీలో ప్రతి క్వార్టరు ముందరా బొగ్గు కుప్పపోసి అంటించేవాళ్లు. పొగంతా పోయి గట్టి పెళ్లలు మిగిలేదాకా కాల్చి, నీళ్లు చల్లి ఆర్పి, మర్నాడు వాటితో పొయ్యి వెలిగించేవాళ్లు. ఆ పొగలోంచి డ్యూటీ దిగిన మనుషులు నల్లగా నడిచి వచ్చేవాళ్లు. దూరం నుంచి ఎవరు ఎవరో తెలిసేది కాదు, బాపు ఒక్కడు తప్ప. నాకు ఆయన గుర్తు వేరే ఉండేది. ఒంటి నిండా బొగ్గు ఉన్నంతసేపు బాపు చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉండేవి. స్నానం చేసి ఒళ్లు తెల్లబడగానే అవి మణికట్టు దాకా దిగేవి, గుండీలు పడేవి. రామగుండం ఎండల్లో కూడా అంతే. పెళ్లిళ్లకు పిలిస్తే ముందు వరుసలో కూర్చునేవాడు కాదు. తినే పంక్తిలో చివర కూర్చునేవాడు, పక్కన గోడ ఉండేట్టు చూసుకుని.

కానీ ఆ చేతులకు ఒక విద్య వచ్చు. గనిలో దెబ్బ తగిలినవాడికి డాక్టరు దగ్గరికి చేరేదాకా ప్రాణం నిలబెట్టే ప్రథమ చికిత్స. ఏటా గనుల మధ్య దానికి పోటీలు జరిగేవి. జట్టుకు ఆరుగురు. అందులో ఒకడు దెబ్బ తగిలినవాడిగా నేల మీద పడుకుంటాడు. కవరు చింపి ఏమేం దెబ్బలో చదువుతారు. విజిల్ ఊదగానే మిగతావాళ్లు పరుగున పోయి కట్లు కట్టి, స్ట్రెచర్ మీద ఎత్తుకు రావాలి. ముడి కాస్త వదులైనా మార్కులు పోతాయి. ఈ విద్యలో బాపును మించినవాడు మా గనిలో లేడు. ఆయన నేర్చుకున్నది నా మీద. రోజూ సాయంత్రం నేను చాప మీద పడుకునేదాన్ని. "ఇయ్యాల నీకేమైంది బిడ్డా?" అని అడిగేవాడు. "తొడ బొక్క ఇరిగింది, తలకాయ పగిలింది బాపూ" అని ఎంతో సంబరంగా చెప్పేదాన్ని. మూడు కోణాల గుడ్డలతో తల నుంచి కాలి దాకా కట్టి పడేసేవాడు. ఆ కట్లతోనే నేను అన్నం తిన్న రోజులున్నాయి. మా కాలనీ పిల్లల్లో అన్ని ఎముకలు విరగ్గొట్టుకున్నది నేను ఒక్కదాన్నే అని గొప్పగా తిరిగేదాన్ని. జట్టులోని కుర్రవాళ్లంతా మా ఇంటికి వచ్చి బాపు దగ్గరే ముడులు నేర్చుకునేవాళ్లు. కానీ పోటీ మైదానంలో మాత్రం బాపు ఏనాడూ దిగలేదు. ఎందుకంటే జట్టు యూనిఫారం పొట్టి చేతుల తెల్ల చొక్కా, ఖాకీ నిక్కరు. మోచేతులు, మోకాళ్లు ఊరందరికీ కనిపించే బట్టలు.

ఆ ఏడు పోటీకి పన్నెండు రోజులుందనగా జట్టులో ఒకతనికి నస్పూర్ వైపు బదిలీ అయింది. ఆ సాయంత్రమే జట్టు కెప్టెన్, గనిలో పని చూసే ఓవర్‌మన్ పోచమల్లు సార్ మా గడపలో నిలబడ్డాడు. చేతిలో మడతపెట్టిన ఖాకీ నిక్కరు.

"ఓదెలూ, ఈసారి నువ్వు దిగాలె. వేరే మాట లేదు."

"నేర్పమంటే నేర్పుత సారూ. దిగుడు నాతోని గాదు."

"నేర్పినోడు ఇంట్ల కూసుంటడు, నేర్చుకున్నోడు ముడి తప్పుతడు. నిరుడు గట్లనే ఓడినం. నీకేం బీమారి ఉందో నాకు తెల్వదనుకున్నవా? ఉంటే ఉండనియ్."

బాపు నిక్కరు తీసుకోలేదు. పోచమల్లు సార్ దాన్ని నా నెత్తి మీద పెట్టి పోయాడు. నేను దాన్ని అట్లాగే నెత్తి మీద ఉంచుకుని ఇల్లంతా గంతులేశాను. అవ్వ పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తకుండానే అంది: "ఈ బిడ్డ బొక్కలు ఇన్నేండ్లు ఉత్తగనే ఇరగ్గొట్టినవా? పోరాదయ్యా."

బాపు మర్నాడు కంపెనీ దవాఖానకు పోయాడు, నన్ను వెంటబెట్టుకుని. పన్నెండు రోజుల్లో ఇది పోవాలి, అదే ఆయన కోరిక. డాక్టర్ చేతులు తిప్పి చూశాడు. "ఇది అంటుకునేది కాదు ఓదెలూ, ఎన్నిసార్లు చెప్పాలి? అట్లాగని పన్నెండు రోజుల్లో పోయేదీ కాదు. ముందు నువ్వు మనసులో దిగులు తగ్గించుకో. నువ్వెంత దిగులు పడితే ఇది అంత పెరుగుతుంది" అన్నాడు.

"పెరుగుతదేమో అన్నదే నా ఫికర్ సారూ" అన్నాడు బాపు.

డాక్టర్ ఒక్క క్షణం చూసి పకపకా నవ్వేశాడు. బాపు నవ్వలేదు. మందుల కిటికీ దగ్గర కాంపౌండరు చిన్న డబ్బాలో నల్లటి లేపనం ఇస్తూ, "దీన్ని దేంతోని చేస్తరో ఎరుకేనా? బొగ్గుల నుంచి తీసిన తారుతోని. నువ్వు తవ్విందే నీకు మందు" అన్నాడు. ఆ మాటకు మాత్రం బాపు ముఖం వెలిగింది. తనను రోజూ కప్పి దాచే బొగ్గులోనే తన మందు ఉందంటే ఆయనకు ఎంత ఆశ్చర్యమో. దారి పొడుగునా డబ్బా మూత తీసి వాసన చూస్తూ నడిచాడు.

ఈ సంగతి యాకూబ్ చిచ్చా చెవిన పడటంతో మొదలైంది అసలు కథ. యాకూబ్ చిచ్చా గని వర్క్‌షాపులో ఫిట్టరు, బాపుకు చిన్నప్పటి దోస్తు. చేతిలో పానా లేకపోతే ఆయనకు ఊపిరాడదు. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అరె భాయ్, ఇంతేనా? బొగ్గు కుప్ప మీద కూసొని, బొగ్గు మందు కోసం లైన్ల నిలబడ్తవా? నీకు బకెట్ నిండ తీసిస్త" అన్నాడు.

"నక్కో యాకూబూ. డాక్టరు ఏమన్న అంటడు."

"డాక్టరుకు ఎవలు చెప్తరు? ఆయన ఇచ్చేటిది నీళ్లు కలిపిన మందు. మనది అసలుది. ఒక్క వారంల నీ చేతులు పెండ్లికొడుకు చేతులైతయ్."

ఆదివారం అవ్వ జైపూర్ దగ్గర వాళ్ల అన్న పొలానికి నాట్లు చూడ్డానికి పోయింది. అదే అదననుకున్నారు ఇద్దరూ. మా క్వార్టరు వెనుక యాకూబ్ చిచ్చా నిలబెట్టిన యంత్రాన్ని ఇప్పుడు కూడా కళ్లు మూసుకుంటే బొమ్మ గీయగలను. మూత బిగించిన పాత నూనె పీపా, కింద మంట, లోపల బొగ్గు. మూతకు బిగించిన ఇనుప పైపు వంగి నీళ్ల బకెట్లోంచి పోయి ఇవతల గాజు సీసాలోకి దిగుతుంది. నేను విసనకర్రతో మంట విసురుతున్నాను. అంత సంబరం నాకు ఏ పండుగకూ లేదు. చాలాసేపటికి పైపు కొస నుంచి ఒక్క చుక్క జారింది. గోధుమరంగూ నలుపూ కలిసిన చిక్కటి చుక్క. ముగ్గురం ఒక్కసారి కేక వేశాం. మధ్యాహ్నానికి సీసాలో రెండు వేళ్ల మందం తారు. కళ్లు మండే వాసన.

యాకూబ్ చిచ్చా చొక్కా విప్పి ముందు తన మోచేతికే పూసుకున్నాడు. "నాకేం గాకుంటే నీకేం గాదు. దోస్తుకు రాసేముందు నేను జూడొద్దా?" అన్నాడు. ఓ ఘడియ ఆగి బాపు రెండు మోచేతులకూ పట్టించాడు. తడి ఆరడం లేదని, "ఎండల కూసుందాం, జల్ది ఇంకుతది" అన్నాడు. ఇద్దరూ గోడ పక్కన నడి ఎండలో మోచేతులు సూర్యుడి వైపు ఎత్తి, రెండు కొంగల్లాగా కూర్చున్నారు. తారు పూసిన చర్మానికి ఎండ తగిలితే ఏమవుతుందో వాళ్లకు తెలియదు. నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. వాళ్లు మాత్రం సాయంత్రానికే తెలుసుకున్నారు.

మర్నాడు పొద్దున బాపు మోచేతులు ఉడికిన చిలగడదుంపల్లా ఉన్నాయి. ఎర్రగా ఉబ్బి, అక్కడక్కడ పొక్కులు. యాకూబ్ చిచ్చా మోచేయీ అంతే. అవ్వ వచ్చి చూసి పీపాను కాలితో తన్నింది. "ఏం యాకూబన్నా, మనిషికి దవాఖాన చేస్తున్నవా, లారీకి రిపేరు చేస్తున్నవా?" అని అడిగింది. చిచ్చా తల ఎత్తలేదు. "తప్పయింది భాబీ" అన్నాడు. డాక్టర్ తిట్టిన తిట్లు దవాఖాన వరండా దాకా వినబడ్డాయట. చల్లటి లేపనం ఇచ్చి పంపాడు. బాపు యాకూబ్ చిచ్చా దగ్గర, నా దగ్గర ఒకటే మాట తీసుకున్నాడు: ఈ తెలివితక్కువ పని బయట ఎవరికీ చెప్పొద్దు. చిచ్చా వర్క్‌షాపులో అడిగినవాళ్లకు సైలెన్సర్ కాలిందని చెప్పుకున్నాడు.

ఇంత జరిగినా బాపు ప్రాక్టీసుకు పోయాడు. నాకు అది అన్నిటికన్నా ఆశ్చర్యం. పొడుగు చేతుల చొక్కాతోనే పోయాడు, అయినా పోయాడు. గని పక్కన మైదానంలో మొదటి షిఫ్టు దిగినవాళ్లంతా చుట్టూ చేరేవాళ్లు, కాలనీ పిల్లలం ముందు వరుస. దెబ్బ తగిలినవాడి వేషం కొమురయ్యది. లావుపాటి మనిషి, నేల మీద పడుకుని "అయ్యో సచ్చిన్రో" అని మూలిగితే నిజంగానే ప్రాణం పోతున్నట్టు ఉండేది. మూడో రోజు కట్టు బిగిస్తుండగా బాపు చొక్కా చేయి పైకి జరిగింది. కొమురయ్య చూశాడు. గుంపులో నిలబడ్డ యాకూబ్ చిచ్చా మోచేతినీ చూశాడు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. మూలుగు ఆపి లేచి కూర్చున్నాడు.

"నేను పండుకోను. గా యాకూబ్‌కు అంటింది సూడున్రి. రేపు నాకంటుతది. ఇంట్ల పసిపోరగాడున్నడు."

"సైలెన్సర్ కాలింది రా" అన్నాడు చిచ్చా.

"మోచేతితోని సైలెన్సర్ ముట్టుకున్నవా? ఎవనికి చెప్తవ్?"

ఎవరూ నవ్వలేదు. ఇంకో కుర్రవాడు కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. అంటుకోదని డాక్టర్ ఎన్నిసార్లు చెప్పాడో బాపు చెప్పొచ్చు. చెప్పలేదు. చేతిలోని గుడ్డను నాలుగు మడతలు పెట్టి కొమురయ్య పక్కన నేల మీద పెట్టి, ఇంటి దారి పట్టాడు. నేను వెనకాలే పరుగెత్తాను. ఇంటికి వచ్చి ఖాకీ నిక్కరు తీసి, పోచమల్లు సార్‌కు ఇచ్చి రమ్మని నా చేతిలో పెట్టాడు. ఆ రెండు రోజుల్లో పట్టలు మెడ దాకా పాకాయి. డాక్టర్ అన్న మాట నిజమే, దిగులు లోపల కదిలితే పైన చర్మం కదిలేది. ఒక్క రాత్రిలో ఎంత పొట్టు రాలిందో, పొద్దున అవ్వ చిన్న చీపురు పక్కన పెట్టి పెద్ద చీపురు అందుకుంది.

నేను నిక్కరు తీసుకుని పోయింది పోచమల్లు సార్ ఇంటికి కాదు, యాకూబ్ చిచ్చా ఇంటికి. వాకిట్లో సైకిలు చైను సరిచేస్తున్నాడు.

"చిచ్చా, నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"మీ బాపుకు మాటిచ్చిన బేటీ."

"నేను గూడ ఇచ్చిన. కనీ నీ చేతిని జూసే గద వాళ్లు బాపును ఎల్లగొట్టింది?"

చిచ్చా పానా కింద పెట్టాడు. తన మోచేయి వైపు చూసుకున్నాడు. అప్పటిదాకా ఆ సంగతి ఆయనకు తట్టనే లేదనుకుంటాను. దోస్తు పరువు కాపాడుతున్నాననుకుంటున్న మనిషి తన చేతిని సాక్ష్యంగా పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు.

మర్నాడు సాయంత్రం మైదానానికి యాకూబ్ చిచ్చా ఒక తోపుడు బండి నెట్టుకుంటూ వచ్చాడు. బండి మీద పీపా, పైపు, బకెట్, అడుగున తారు మిగిలిన సీసా. నడుమ మైదానంలో ఆపి పీపాను పానాతో టంగ్ టంగ్ మని కొట్టాడు. మందులమ్మేవాడనుకుని జనం మూగారు.

"వినున్రి! నాకు ఎవని బీమారీ అంటలే. నేనే నా చేతిని కాల్చుకున్న. ఓదెలు వద్దన్నడు. నేనే బొగ్గుల కెల్లి తారు దీసి నాకు రాసుకున్న, ఆయనకు రాసిన, మిట్టమధ్యాహ్నం ఎండల కూసోవెట్టిన. గిదే మిషన్. గిదే మందు. ఎవనికన్న అనుమానం ఉంటే చెయ్యి సాపున్రి, ఇప్పుడే రాస్త. రేపటికి మీకు గూడ గిట్లనే అయితది. రా కొమురన్నా, నువ్వు ముందు!"

కొమురయ్య సీసా మూత తీసి వాసన చూసి, తల విదిలించుకుని నాలుగడుగులు వెనక్కి దూకాడు. ఎవరో ఫక్కున నవ్వారు. ఇక ఆ నవ్వు ఆగలేదు. పోచమల్లు సార్ పీపా చుట్టూ తిరిగి చూసి, "నిన్ను ఫిట్టర్‌గా పాస్ చేసినోడెవడురా? వాన్ని ముందు పట్టాలె" అన్నాడు. కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతూనే, "ఎండల కూసుండవెట్టిండట, ఎండల!" అని పక్కవాడి వీపు మీద కొడుతున్నాడు. నేను ఆ నవ్వు సగంలో వదిలి ఇంటికి పరుగెత్తాను. నాకన్నా ముందే కొమురయ్య ఎట్లా చేరాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ లావుపాటి మనిషి అంత వేగంగా పరుగెత్తడం ఎవరూ చూసి ఉండరు. మా క్వార్టరు ముందు, బొగ్గు కాల్చిన బూడిద పక్కన, తెల్ల చొక్కాతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బాపు గడపలో నిలబడి చూస్తున్నాడు.

"ఓదెలన్నా, తొడ బొక్క ఇరిగింది. తల పగిలింది. కడ్తవా, నన్ను సావమంటవా?"

బాపు కదల్లేదు. కొమురయ్య కళ్లు మూసుకునే అన్నాడు: "నాకు బుద్ధి లేకపాయె. నువ్వు కట్టేదాక లేవ. ఈడ్నే తెల్లారుత."

అవ్వ చేతిలో చెంబుతో బయటికి వచ్చింది. "కడ్తవా, నీళ్లు పొయ్యాల్నా వీనిమీద? తొవ్వకడ్డం పండుకున్నడు."

బాపు లోపలికి పోయాడు. గుడ్డలు తెస్తాడనుకున్నాను. తెచ్చాడు. కానీ వచ్చేటప్పుడు చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. స్నానం చేసి ఒక గంటైన ఒళ్లు. పగిలిన ఎర్రటి మోచేతులు, మెడ మీది పట్టలు, సాయంత్రపు వెలుతురులో అన్నీ కనిపిస్తున్నాయి. చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లంతా బయటికి వచ్చి నిలబడ్డారు. బాపు మోకాళ్ల మీద కూర్చుని, కొమురయ్య తల ఎత్తి తన తొడ మీద పెట్టుకుని కట్టు మొదలుపెట్టాడు. కొమురయ్య మూలగడం కూడా మరచిపోయాడు. ఒక్క ముడికీ రెండోసారి చేయి పెట్టలేదు బాపు. అయ్యాక కొమురయ్య లేవబోతే, "పండుకో. ఇరిగిన కాలుతోని లేస్తరా?" అన్నాడు. ఆ మాటకు వీధి వీధంతా నవ్వింది. బాపు కూడా నవ్వాడు, ఇన్ని రోజుల్లో మొదటిసారి.

పోటీ మందమర్రిలో. జట్టూ, చూసేవాళ్లమూ ఒకే లారీలో పాటలు పాడుకుంటూ పోయాం. నేను తిరిగి ఇవ్వని ఆ ఖాకీ నిక్కరే వేసుకుని బాపు మైదానంలోకి నడిచాడు. మా పక్కన కూర్చున్నవాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో గొణిగారు, నిజమే. ఒక ఆవిడ బిడ్డను దగ్గరికి లాక్కుంది, అదీ నిజమే. విజిల్ మోగాక నాకు అవేవీ కనబడలేదు. బాపు చేతులే కనబడ్డాయి. మాకు రెండో బహుమతి వచ్చింది, మనిషికో స్టీలు క్యారియరు. మొదటిది మందమర్రి వాళ్లదే. స్ట్రెచర్ ఎత్తేటప్పుడు మావాళ్లలో ఒకడి అడుగు తప్పిందట. ముడులకు మాత్రం ఒక్క మార్కు పోలేదని న్యాయనిర్ణేత మార్కుల కాగితం ఇచ్చి స్వయంగా చెప్పాడు. యాకూబ్ చిచ్చా ఆ కాగితాన్ని చాలా రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు, తనే కట్టినట్టు.

ఇప్పుడు నాకు నెలకో సూది. మోచేతులు దాదాపు శుభ్రంగా ఉంటాయి. మందులు బాపు కాలంలో ఊహకు కూడా అందని చోటికి వచ్చాయి. నేను డెస్కులో ఉన్న రోజుల్లో ఎన్నికల ఫలితాల వారం వస్తే చాలు, మోకాళ్ల మీద పట్టలు లేచేవి. డెడ్‌లైను దాటగానే తగ్గేవి. అది దిగులు పనేనని ఇప్పటి డాక్టరమ్మ పటం గీసి చెబుతుంది, కాగితం ఇచ్చి కొలుస్తుంది. బాపును ఎవరూ కొలవలేదు. అయినా మా ఆసుపత్రి హాల్లో నాలాంటివాళ్లం ఇరవై మందిమి కూర్చుంటాం, కుర్చీకీ కుర్చీకీ మధ్య ఖాళీ వదిలి, అందరమూ ఫోన్లలో తల పెట్టుకుని. ఒకరి జబ్బు ఒకరికి తెలుసు. ఒక్క మాట ఉండదు. మా ఇంట్లోనూ నేను పదిహేనేళ్లు దాచాను, నా కూతురికి తెలిసింది మొన్ననే. బాపుకు ఆ పట్టలు చివరిదాకా పోలేదు. ఏ మందూ ఆయనకు నాకిచ్చినంత శుభ్రమైన చర్మం ఇవ్వలేదు. కానీ ఆ పోటీనాటి సాయంత్రం ఆయనకు దొరికింది నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

బహుమతులయ్యాక లారీ దగ్గరికి నడుస్తున్నాం. మైదానంలో పొద్దుటి నుంచి సున్నంతో గీతలు గీస్తున్న మనిషి ఒకాయన వెనుక నుంచి వచ్చి బాపును ఆపాడు. గట్టయ్య అని చెప్పాడు పేరు, అక్కడి గనిలో పనివాడే. ఆ ఎండలో కూడా మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న చొక్కా. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, నీకు సలికాలం ఎక్కువైతదా?"

బాపు ఆయన చొక్కా చేతుల వైపు చూశాడు. "సలికాలం పానం తీస్తది" అన్నాడు.

"నెత్తిల గూడ ఉంటదా?"

"నెత్తిల, చెవుల ఎన్క."

"చెవుల ఎన్కనా? నాకూ గంతే! నాకొక్కనికే అనుకున్న." గట్టయ్య గొంతు పెరిగింది. "గోర్లు? గోర్లు గుంటలు పడ్తయా?"

బాపు తన గోళ్లు చూపించాడు. ఆయన తన గోళ్లు చూపించాడు. ఇద్దరూ వేళ్లు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ నిలబడ్డారు. కొబ్బరినూనె మంచిదా, నువ్వులనూనెనా. మంగలి ఏమంటాడు. భార్య మొదట్లో ఏమంది. అత్తగారింటికి పోతే చొక్కా ఎక్కడ ఆరేస్తావు. ఇంట్లో పది మాటలు మాట్లాడితే ఎక్కువనుకునే మా బాపు, ఎదుటిమనిషి పూర్తి చేయకముందే మాట అందుకుంటున్నాడు. లారీ హారన్ కొట్టింది. పోచమల్లు సార్ పిలిచాడు. "వస్తున్న, వస్తున్న" అన్నాడు బాపు, రాలేదు. చివరికి లారీ పోయింది. "ప్యాసింజర్‌కు పోదాం బిడ్డా" అని నాతో ఒక్క ముక్క అని మళ్లీ అటు తిరిగాడు.

గట్టయ్య మమ్మల్ని స్టేషన్ దాకా దిగబెడతానని వెంట వచ్చాడు. స్టేషన్‌లో బండి వస్తే, "మంచిర్యాలల దిగుత, అక్కడ జర పనుంది" అని మాతోపాటే ఎక్కాడు. ఇద్దరూ తలుపు దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. చొక్కా చేతులు ఎప్పుడు మడిచాడో గట్టయ్య, నేను చూడలేదు. ఒకరి మోచేతిని ఒకరు వంగి చూస్తూ, వేలితో చూపిస్తూ, పకపకా నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. మంచిర్యాల వచ్చింది. బండి ఆగింది, కూత వేసింది, కదిలింది. గట్టయ్య దిగలేదు. బాపు దిగమనలేదు.